టెక్సాస్–ఓక్లహోమా ఆట: టికెట్ కొనేముందు 50 యార్డుల గీతకు ఏ పక్కో చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: అమ్మాయి యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ఆస్టిన్‌లో మొదటి సంవత్సరం. అక్టోబర్‌లో డల్లాస్‌లో "ఓయూ"తో జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు అందరూ రావాలని పట్టుబడుతోంది. మీరుండేది ఫ్రిస్కోలో. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి 70 దాటాయి. ఇంట్లో ఎవరికీ ఈ ఆట తెలియదు. వెళ్ళాలా, టీవీలో చూస్తే చాలదా? వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, ఎలా వెళ్ళాలి?

వెళ్ళండి. అయితే టికెట్ స్టేడియం ఉత్తర సగంలో, పడమటి వైపు ఉండేలా చూసి కొనండి. కారు కారల్‌టన్‌లో వదిలేసి రైలెక్కండి. భోజనం లోపలికి వెళ్ళకముందే కానివ్వండి. నాన్నగారు మెట్లు ఎక్కగలిగితేనే, లేదా చక్రాల కుర్చీ వరసలో టికెట్లు దొరికితేనే ఆటకు తీసుకెళ్ళండి, లేకపోతే ఆయన్ను మరో రోజు స్టేడియం చుట్టూ జరిగే స్టేట్ ఫెయిర్ సంతకు తీసుకెళ్ళడమే మేలు. టీవీ సంగతంటారా, ఆట టీవీలోనే బాగా కనిపిస్తుంది. కానీ ఈ ఆటలో చూడాల్సింది సగం మైదానం బయటే ఉంటుంది.

ముందు ఆ ఓయూ సంగతి. ఓయూ అంటే మనకు తార్నాక గుర్తొస్తుంది గానీ, ఇక్కడ ఓయూ అంటే నార్మన్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ ఓక్లహోమా. రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దుగా పారేది రెడ్ రివర్, అందుకే దీన్ని రెడ్ రివర్ రైవల్రీ అంటారు. మొదటి ఆట 1900లో జరిగింది. 1929 నుంచి ఏటా డల్లాస్‌లోనే ఆడుతున్నారు. ఆస్టిన్ దక్షిణాన, నార్మన్ ఉత్తరాన, రెండూ ఐ-35 హైవే మీదే, డల్లాస్‌కు చెరో 200 మైళ్ళు. ఎవరి ఊరూ కాని ఊళ్ళో, ఇద్దరికీ సమాన దూరంలో అన్నమాట. (ఆటకు ముందురోజు, శుక్రవారం సాయంత్రం ఐ-35 మీద పని పెట్టుకోకండి.)

ఆట జరిగేది ఫెయిర్ పార్క్‌లోని కాటన్ బౌల్ స్టేడియంలో, అదీ స్టేట్ ఫెయిర్ ఆఫ్ టెక్సాస్ నడుస్తుండగా. చుట్టూ 24 రోజుల సంత, మధ్యలో 92 వేల మంది పట్టే స్టేడియం. మన జాతర మధ్యలో కోడిపందేల బరి ఉన్నట్టే, బరి కాస్త పెద్దది.

50 యార్డుల గీత

మామూలుగా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకరి సొంత మైదానంలో ఆడతారు, బయటి టీమ్ అభిమానులకు ఒక మూల కాసిని సీట్లు ఇస్తారు. ఇక్కడ అలా కాదు. మైదానాన్ని అడ్డంగా సగానికి కోసే 50 యార్డుల గీత ఉంటుంది కదా, దాన్నే గ్యాలరీల్లోకి పైదాకా పొడిగించుకోండి. ఆ గీతకు ఉత్తరం పక్కన ఉన్నవాళ్ళంతా టెక్సాస్, దక్షిణం పక్కనవాళ్ళంతా ఓక్లహోమా. ఒక పక్క ఎర్రమట్టి కలిపినట్టుండే నారింజ రంగు, రెండో పక్క ముదురు ఎరుపు. సరిగ్గా గీత మీదుండే వరసల్లో పక్కపక్క సీట్లలోనే రంగు మారిపోతుంది.

టికెట్లు రెండు యూనివర్సిటీలూ చెరి సగం పంచుకుంటాయి. అందులోనూ విరాళాలిచ్చేవాళ్ళకూ సీజన్ టికెట్ ఉన్నవాళ్ళకూ ముందు వెళ్తాయి. విద్యార్థుల వాటా వేరు, మీ అమ్మాయి ఆ దారిలో తన టికెట్ తెచ్చుకుంటుంది, మీతో కూర్చోదు. మీకు మిగిలేది తిరిగి అమ్మే సైట్లే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు పొరబడేది అక్కడే: ధర చూస్తారు, ఎత్తు చూస్తారు, ఏ సగమో చూడరు. తీరా లోపలికెళ్ళాక, కూతురి యూనివర్సిటీ చొక్కా వేసుకుని ఓక్లహోమా వాళ్ళ మధ్య మూడున్నర గంటలు కూర్చోవాలి. ఎవరూ కొట్టరు గానీ, వాళ్ళకు పాయింట్లొచ్చిన ప్రతిసారీ మీ ముఖం చూసి మరీ అరుస్తారు. మ్యాప్ తెరిచి, ఆటగాళ్ళు బయటికొచ్చే సొరంగం ఏ చివర ఉందో చూడండి. అది దక్షిణం, ఓక్లహోమా సగం. మీ సీటు దానికి ఎదురు సగంలో ఉండాలి.

ఆ సొరంగం ఒక్కటే. రెండు టీములూ అందులోంచే మైదానంలోకి దిగాలి, కాబట్టి టెక్సాస్ కుర్రాళ్ళు అడుగుపెట్టగానే నెత్తిమీద ఓక్లహోమా గ్యాలరీ. ఆట మొదలవడానికి 20 నిమిషాల ముందే సీట్లో ఉంటే ఈ ఘట్టం చూడొచ్చు. టీవీలో ఆ సమయానికి ప్రకటనలు నడుస్తుంటాయి.

ఎప్పుడు అరవాలి

మన క్రికెట్ అలవాటు ఇక్కడ తిరగబడుతుంది. మనవాడు బ్యాటింగ్ చేస్తుంటే మనం అరుస్తాం. ఇక్కడ మన టీమ్ చేతిలో బంతి ఉన్నప్పుడు మనం గమ్మున ఉండాలి, ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు గొంతు చించుకోవాలి. కారణం ఉంది. బంతి ఎప్పుడు వెనక్కి అందించాలో ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ నోటితో కేకేసి చెబుతాడు. గోలలో అది వినపడక ముందు వరసలో ఒకడు తొందరపడి కదిలితే ఫాల్స్ స్టార్ట్, 5 యార్డులు వెనక్కి. ఒక ప్రయత్నం ముగిసి తర్వాతిది మొదలెట్టడానికి ఉండేది 40 సెకన్లు, ఆ లోపు సర్దుకోలేకపోతే ఇంకో 5 యార్డులు వెనక్కి.

మామూలు స్టేడియంలో గోల ఎప్పుడూ ఒకవైపు వాళ్ళకే లాభం. కాటన్ బౌల్‌లో అది దిక్కును బట్టి మారుతుంది. టెక్సాస్ దక్షిణం గోల్ గీత వైపు వెళ్తుంటే ఓక్లహోమా జనం సరిగ్గా వాళ్ళ ముఖం మీద అరుస్తారు. ఉత్తరం వైపు వెళ్తుంటే చుట్టూ సొంతవాళ్ళే, క్వార్టర్‌బ్యాక్ మామూలు గొంతుతో మాట్లాడినా వినపడుతుంది. ఆటలో నాలుగు భాగాలు, వాటినే క్వార్టర్లు అంటారు; మొదటిది ముగిశాక, మూడోది ముగిశాక దిక్కు మారుతుంది. నాలుగో క్వార్టర్‌లో ఎవరు ఎటు ఆడబోతున్నారో ముందే లెక్కేసుకోండి.

ఆట, నాన్నగారికి చెప్పేంత

మైదానం పొడవు 100 యార్డులు, రెండు చివర్లా ఇంకో పదేసి యార్డుల ఎండ్ జోన్. బంతి ఉన్న టీమ్‌కు నాలుగు అవకాశాలు, వాటినే డౌన్లు అంటారు. ఆ నాలుగింట్లో 10 యార్డులు ముందుకెళ్తే మళ్ళీ కొత్తగా నాలుగు. వెళ్ళకపోతే బంతి ఎదుటివాళ్ళకు. తెర మీద "3, 7" లాంటి అంకెలు కనిపిస్తే, మూడో అవకాశం, ఇంకా 7 యార్డులు కావాలని. మూడో డౌన్‌లోనే గోల పతాకానికి చేరుతుంది, ఎందుకంటే నాలుగో డౌన్‌కి చాలాసార్లు బంతిని దూరంగా తన్నేసి చేతులు దులుపుకుంటారు.

ఎండ్ జోన్‌లోకి బంతి చేరితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆపైన తన్ని కొడితే 1, తన్నకుండా మళ్ళీ ఒక్క ప్రయత్నంలో లోపలికి చేరిస్తే 2. దూరం నుంచి కర్రల మధ్యగా తన్నితే ఫీల్డ్ గోల్, 3. సొంత ఎండ్ జోన్‌లోనే దొరికిపోతే ఎదుటివాళ్ళకు 2. ఇంతకు మించి ఆ రోజుకు అక్కర్లేదు.

మీరు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (వృత్తి ఆటగాళ్ళ లీగ్) డల్లాస్ కౌబాయ్స్ ఆటలు చూసి ఉంటే రెండు తేడాలు గుర్తుంచుకోండి. కాలేజీలో బంతి పట్టేటప్పుడు గీత లోపల ఒక్క కాలు పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. కాలేజీలో ఆటగాడు తనంతట తానే జారి మోకాలు ఆనించినా ఆట ఆగిపోతుంది, ఎవరూ తాకనక్కర్లేదు. సమం అయితే అదనపు ఆటలో ఇద్దరికీ 25 యార్డుల దగ్గర బంతి ఇస్తారు. మూడో దఫా నుంచి ఆ 2 పాయింట్ల ప్రయత్నాలు మాత్రమే. అదనపు ఆట 1996లో వచ్చింది, మూడో దఫా నుంచి 2 పాయింట్ల ప్రయత్నాలు మాత్రం 2021 నుంచే. అందుకే 1995లో 24–24 తర్వాత ఈ జంట మధ్య సమం అన్న మాట లేదు. 2020లో నాలుగు దఫాలు నడిచి 53–45తో ఓక్లహోమా గెలిచింది.

మధ్యలో లేవకండి

ఒకవైపు మొగ్గిందని మూడో క్వార్టర్‌లో వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. ఒక్కోసారి అది సరైన పనే: 2022లో టెక్సాస్ 49–0, 2024లో 34–3. కానీ 2021 చూడండి. మొదటి క్వార్టర్‌లోనే టెక్సాస్ 28–7 ఆధిక్యంలో ఉంది. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్‌ను మార్చి, అప్పుడే కాలేజీలో చేరిన కేలెబ్ విలియమ్స్‌ను దించింది. చివరికి 3 సెకన్లు మిగిలుండగా కెన్నెడీ బ్రూక్స్ 33 యార్డులు పరిగెత్తి ముగించాడు, 55–48. 2018లో టెక్సాస్ నాలుగో క్వార్టర్‌లో 21 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని 45–45 అయ్యాక, 9 సెకన్లుండగా ఫీల్డ్ గోల్‌తో బయటపడింది.

2023 ఆటయితే పాఠంలా చూడొచ్చు. 1 నిమిషం 17 సెకన్లు మిగిలుండగా టెక్సాస్ ఫీల్డ్ గోల్ కొట్టి 30–27కు వచ్చింది. ఓక్లహోమా 75 యార్డులు వెళ్ళి, 15 సెకన్లుండగా టచ్‌డౌన్ చేసింది, 34–30. అంత తక్కువ సమయంలో అన్ని యార్డులు ఎలాగంటే, బంతి పట్టినవాడు పక్క గీత దాటి బయటికెళ్తే గడియారం ఆగుతుంది, పాస్ నేల మీద పడినా ఆగుతుంది. ఆఖరి రెండు నిమిషాల్లో కొత్త డౌన్లు సంపాదించినప్పుడు కూడా కాసేపు ఆగుతుంది. ఆ సమయంలో బంతిని కాదు, గడియారాన్ని చూడండి.

ఇంత పగ ఎందుకంటే

నది అటూ ఇటూ అన్నది పైపై కారణం. అసలు కథ కుర్రాళ్ళ దగ్గరుంది. ఓక్లహోమా చిన్న రాష్ట్రం, టెక్సాస్ హైస్కూళ్ళ నుంచి ఆటగాళ్ళను పట్టుకెళ్ళడం వాళ్ళకు తరతరాల అలవాటు. 2004లో 225 యార్డులు పరిగెత్తి 12–0తో టెక్సాస్‌ను ఓడించిన ఏడ్రియన్ పీటర్సన్ టెక్సాస్‌లోని పాలస్టీన్ ఊరివాడు. ఓక్లహోమాకు ఆడి 2017లో, కాలేజీ ఆటలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న బేకర్ మేఫీల్డ్ ఆస్టిన్‌వాడు. మన గోదావరి కుర్రాణ్ణి పక్క జిల్లా జట్టు ఎత్తుకెళ్ళి మన మీదే ఆడించినట్టు ఉంటుంది.

తిరుగు దెబ్బా ఉంది. టెక్సాస్ కోచ్‌లలో అందరికన్నా పెద్ద పేరు డారెల్ రాయల్‌ది. ఆయన పుట్టింది ఓక్లహోమాలోని హాలిస్‌లో, ఆడిందీ ఓక్లహోమాకే. 2 పాయింట్ల ప్రయత్నం కాలేజీ ఆటలోకి వచ్చింది 1958లో. ఆ నియమం రాయల్‌కు నచ్చలేదు. అయినా ఆ ఏడాది దాన్నే వాడుకుని, పాత గురువు, అప్పటి ఓక్లహోమా కోచ్ బడ్ విల్కిన్సన్ జట్టును 15–14తో ఓడించాడు. 1976లో తమ సాధనను ఓక్లహోమా దొంగచాటుగా చూస్తోందని ఆయన ఆరోపించాడు. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వచ్చి టాస్ వేసిన ఆ ఆట 6–6తో ముగిసింది.

ఇంకో మాట. ఓక్లహోమా టీమ్ పేరు సూనర్స్. "సూనర్" అంటే, ముందొచ్చినవాళ్ళకు జాగా దక్కిన 1889 భూముల పరుగులో తుపాకీ పేలకముందే లోపలికి చొరబడి జాగా ఆక్రమించినవాడు. ఒకప్పటి తిట్టే ఇప్పుడు రాష్ట్రానికి ముద్దుపేరు.

చేతి గుర్తు, బట్టలు

మీ అమ్మాయి కూచిపూడి నేర్చుకుని ఉంటే సింహముఖ హస్తం తెలుసుంటుంది. అందులో మధ్య, ఉంగరపు వేళ్ళను చాపకుండా మడిచి బొటనవేలితో అదిమిపడితే టెక్సాస్ గుర్తు, ఆ టీమ్ చిహ్నంగా ఉండే ఎద్దు బెవో కొమ్ములు. 1955 నుంచీ ఉంది. దాన్ని తలకిందులు చేసి చూపిస్తే ఓక్లహోమా వెక్కిరింత. ఫొటోకి సరదాగా కూడా మీ సగంలో అలా పెట్టకండి. మరీ ముదురు ఎరుపు చీర, కుర్తా వద్దు. మెరూన్ అసలే వద్దు. అది టెక్సాస్ ఏ అండ్ ఎం రంగు, వాళ్ళతో ఉన్న పేచీ వేరే.

టెక్సాస్‌కు పాయింట్లు వచ్చినప్పుడు మైదానం పక్కన ఫిరంగి పేలుతుంది. స్మోకీ అంటారు. ఓక్లహోమావాళ్ళు ఈ ఆటలో తుపాకులు పేలుస్తున్నారని జవాబుగా 1953లో టెక్సాస్ మెకానికల్ ఇంజనీరింగ్ లాబ్‌లో చేశారు. నాన్నగారిని ముందే హెచ్చరించండి, చెవుల్లో దూది పెట్టుకున్నా తప్పులేదు.

ఫ్రిస్కో నుంచి దారి

ఫ్రిస్కోకు డార్ట్ (డల్లాస్ ప్రాంతపు రవాణా సంస్థ) రైలు లేదు. చాలామంది ప్లేనోలో పార్కర్ రోడ్ స్టేషన్‌కు వెళ్ళి రెడ్ లైన్ ఎక్కి, డౌన్‌టౌన్‌లో గ్రీన్ లైన్‌కు మారతారు. ఆ మారడం దగ్గరే కష్టం. పెర్ల్ స్టేషన్‌కు వచ్చేసరికి గ్రీన్ లైన్ పెట్టెలు నిండిపోయి ఉంటాయి, పెద్దాయనతో ఎక్కలేరు. దానికి బదులు కారల్‌టన్‌లోని నార్త్ కారల్‌టన్/ఫ్రాంక్‌ఫర్డ్ స్టేషన్‌కు వెళ్ళండి. గ్రీన్ లైన్ మొదలయ్యేదే అక్కడ, ముగ్గురికీ కూర్చునే చోటు దొరుకుతుంది, మారే పని లేకుండా నేరుగా ఫెయిర్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. డే పాస్ ఫోన్‌లో ముందురోజే కొనేయండి.

ఆట వేళ టీవీవాళ్ళు తేలుస్తారు, ఏళ్ళ తరబడి ఉదయం 11 గంటలకు ఉండేది, 2024లోనూ 2025లోనూ మధ్యాహ్నం 2.30కి పెట్టారు. ఏ వేళైనా, దానికి నాలుగు గంటల ముందు రైలెక్కండి. రైలుకు ఒక గంట, గేట్ల దగ్గర ఒక గంట, సంతలో తిండికి గంటన్నర పోగా మిగిలేది మీదే.

తిండి, సంచి

ఆట టికెట్‌తోనే ఆ రోజు సంతలోకి ప్రవేశం కలిసి వస్తుంది, వేరే కొనకండి. సంతలోకి ఇంటి తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సామాను, మద్యం మాత్రం కుదరవు. స్టేడియంలోకి బయటి తిండి పోనివ్వరు, సంచి కూడా పారదర్శకంగా, 12×6×12 అంగుళాలకు మించకుండా ఉండాలి. కాబట్టి పులిహోర, పెరుగన్నం పారేయగలిగే డబ్బాల్లో కట్టుకెళ్ళి, 55 అడుగుల బిగ్ టెక్స్ బొమ్మ దగ్గర నీడ చూసుకుని తినేయండి. స్టీలు క్యారేజీ తెచ్చారో, గేటు దగ్గర దాన్ని ఎక్కడ పెట్టాలో తోచదు.

సంతలో తిండి కొనడానికి ఏళ్ళ తరబడి డబ్బు తీసుకునేవాళ్ళు కాదు, కూపన్లు కొనుక్కోవాల్సి వచ్చేది; ఇప్పుడెలాగో ముందే చూసుకోండి. కార్నీ డాగ్ అంటే మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్, శాకాహారులు పొరబాటున అడగొద్దు. వేయించిన ఓరియో బిస్కెట్లు ముగ్గురికి ఒక ప్లేటు చాలు.

టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి. ముగ్గురివీ ఒక్క ఫోన్‌లో పెట్టుకోకుండా ఎవరివి వాళ్ళకు బదిలీ చేసి, ఇంటి దగ్గరే వాలెట్‌లోకి దించుకోండి. గేటు దగ్గర అంతమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్ కదలదు. స్క్రీన్‌షాట్‌ను నమ్ముకోకండి, బార్‌కోడ్ మారుతూ ఉండే టికెట్‌కు అది పనికిరాదు.

నాన్నగారి గురించి

చాలా సీట్లు వీపు ఆనని బెంచీలే, మధ్యలో జాగా తక్కువ. పైగా మూడో డౌన్ వచ్చిన ప్రతిసారీ ముందు వరసలు లేచి నిలబడతాయి, ఆయనా లేవాలి, లేకపోతే వీపులే కనిపిస్తాయి. కింది వరసలు దగ్గరగా కనిపిస్తాయని ఆశపడొద్దు, అక్కడే ఎక్కువసేపు నిలబడతారు. మధ్య ఎత్తులో, నడవ పక్క సీట్లు తీసుకోండి. పడమటి వైపు ఎందుకంటే, 2.30 ఆటకు సూర్యుడు మీ వెనక ఉంటాడు. తూర్పు వైపు వాళ్ళకు ఆరింటిదాకా ఎండ కళ్ళలోనే, అక్టోబర్‌లో కూడా డల్లాస్ ఎండ తక్కువేం కాదు. టోపీ, కింద వేసుకోవడానికి ఒక మెత్త ఉంచుకోండి. మెట్లు కష్టమైతే చక్రాల కుర్చీ వరసలకు టికెట్లు వేరే ఉంటాయి, కొనేటప్పుడే అవి ఎంచుకోవాలి, గేటు దగ్గర అడిగితే దొరకవు.

విరామం 20 నిమిషాలు. జనమంతా మరుగుదొడ్లకు పోతారు, మీరు రెండో క్వార్టర్‌లో 4 నిమిషాలు మిగిలుండగానే వెళ్ళొచ్చేయండి. విరామంలో వాయించే యూనివర్సిటీ బ్యాండ్లను వదులుకోవద్దు, ఆట అర్థం కాని పెద్దవాళ్ళకు ఎక్కువ నచ్చేవి అవే.

ఆట ఏకపక్షమైతే నాలుగో క్వార్టర్‌లో ఓడిపోయేవాళ్ళ సగం ఖాళీ అవుతుంది. గీతకు ఒక పక్క వట్టి అల్యూమినియం బెంచీలు మెరుస్తుంటాయి, రెండో పక్క ఒక్కడూ కదలడు. రైళ్ళు అప్పుడే నిండుతాయి. టెక్సాస్ గెలుస్తుంటే మీరు కూర్చోండి, గెలిచిన జట్టుకిచ్చే, 1941 నుంచి చేతులు మారుతున్న బంగారు టోపీని కుర్రాళ్ళు వంతులవారీగా తలకు పెట్టుకుంటారు, అది చూసి, సంతలో ఇంకో గంట తిరిగి రైలెక్కండి. ఓడిపోతుంటే 5 నిమిషాలు మిగిలుండగా లేవండి. ఆధిక్యం రెండు టచ్‌డౌన్ల లోపు ఉంటే మాత్రం, 2021 గుర్తు తెచ్చుకుని మళ్ళీ కూర్చోండి.